దొర మొరగాలంటే

చిట్టి, దొరగారి కుడి ముందు కాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లో వెంట్రుకలు కత్తిరిస్తోంది. దొరగారు ఆ కాలు తనది కానట్టే ముఖం పక్కకు తిప్పుకుని, అన్యాయాన్ని కళ్లారా చూడలేని పెద్దమనిషిలా వంటింటి గుమ్మం కేసి చూస్తున్నాడు. అక్కడ వెంట్రుకలు పెరిగితే సిమెంటు పెళ్లలు ఇరుక్కుని పాదం జారుతుంది. అందుకని పొద్దున్నే ఈ క్షవరం తప్పదు.

"ఆ శ్రద్ధ నీ తల మీద పెట్టవే. దువ్వెన మొహం చూసి ఎన్నాళ్లయిందో," అంది అక్క, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"నా తల శిథిలాల్లో దూరేది కాదు కదక్కా."

"దూరడమెందుకు? అదే ఓ శిథిలంలా ఉంది."

దొరకు ఒక చెవి నిటారుగా నిలబడుతుంది, రెండోది ఎప్పుడూ కునుకు తీస్తుంది. వాడి జాతేమిటో ఎవరికీ తెలియదు. ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడని ఎవరో కుటుంబం వాళ్లు తెచ్చి గాలింపు కుక్కల బడిలో వదిలిపెట్టారు. పీకే ఓపిక ఉన్నవాడికి వెతికే ఓపిక కూడా ఉంటుందని చిట్టి వాడిని చేరదీసింది. కూలిన ఇళ్ల కింద చిక్కుకున్న మనుషుల్ని వాసన పట్టి, అక్కడే నిలబడి మొరగడం వాడు నేర్చుకోవాల్సిన విద్య. బడిలో ఉన్నంతకాలం చెవులు చిల్లులు పడేలా మొరిగాడు. పరీక్షకు వెళ్లిన రెండుసార్లూ మనిషిని పట్టుకున్నాడు కానీ నోరు విప్పలేదు. మొరగని కుక్క ఎంత మొనగాడైతే ఏం లాభం? పైన ఉన్నవాళ్లకు ఎక్కడ తవ్వాలో తెలియదు.

ఇదే ఆఖరి అవకాశం. అగ్నిమాపక రక్షణ దళంతో కలిసి ఉమ్మడి శిక్షణ, దాని చివర పరీక్ష. ఈసారి కూడా తప్పితే దొరను ఏదో గోదాము గేటుకు కట్టేస్తారు. చిట్టికి మరో కుక్కపిల్లను ఇస్తారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె దొర మెడపట్టీ ఓసారి తడుముకుంటుంది.

శిక్షణ జరిగే ఊరు అక్క కాపురం ఉన్న ఊరే కావడంతో చిట్టి ఇక్కడే దిగింది. ఆ రక్షణ దళానికి నాయకుడు స్వయానా బావ.

బావ బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ ఇంట్లో వాళ్ల అమ్మ ఒక్కతే. అదీ ఆయనకు పళ్లు రాకముందు. దళంలో కుర్రకారంతా ఆయన వెనకాల ఆయన్ను ఇనప్పెట్టె అంటారు. తాళం చెవి పోయిన ఇనప్పెట్టె. చిట్టి వచ్చిన రోజున దొర తన ఆటతాడు నోట కరుచుకుని వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. ఆయన దాన్ని తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దొర ఆయన్ను ఆ రోజే లెక్కలోంచి కొట్టేశాడు.

"చిట్టీ, జీపు కదులుతోంది," అన్నాడు బావ, చిట్టి ముందు చాపుకుని ఉన్న దొరను కాళ్లపట్టాలా దాటుతూ.

"వస్తున్నా సార్."

"ఇంట్లో కూడా సారేంటే?" అంది అక్క.

"మొహం చూస్తే అదే వస్తోందక్కా. బావగారూ అనడానికి నోరు రావట్లేదు."

శిక్షణ మైదానమంటే ఓ పెద్ద కూలిన ఊరు. విరిగిన స్లాబులు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన సిమెంటు గొట్టాలు, బోర్లా పడ్డ పాత బస్సు, పునాదుల కింద సొరంగాలు. అగ్నిమాపకం వాళ్లలో ఒకరు వెళ్లి ఏదో కంతలో దాక్కుంటారు. దాక్కున్న మనిషి చేతిలో ఒక ముడుల తాడు ఉంటుంది. కుక్క వెతికి, పట్టుకుని, మొరిగాక ఆ తాడు దానికివ్వాలి. అదే జీతం, అదే బహుమానం.

ఆ రోజు కూడా దొర గాలిలా వెళ్లాడు. స్లాబుల మీంచి మేకలా దూకుతూ గొట్టాల దగ్గర ఆగాడు. తోక ఆడింది. తల లోపలికి పెట్టాడు. దొర తల బయటికి తీసి, ఒకసారి ఆవులించి, వెనక్కి నడిచి వచ్చాడు.

"ఏమైంది? మనిషి లేడా?" అని కేకేసింది పెద్ద మేడం. కుక్కల బడికి పెద్ద, పరీక్ష పెట్టేదీ ఆవిడే. మొహం మీద ముడతలెన్ని ఉన్నా గొంతు మీద ఒక్కటీ లేదు.

"ఉన్నాను మేడం!" అని గొట్టంలోంచి ఎవరో అరిచారు.

పెద్ద మేడం చిట్టి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిందంటే విషయం ముదిరిందని అర్థం. "అమ్మాయ్, వీడి ముక్కుకి వంక పెట్టలేను. నోటి సంగతే. రేపు మధ్యాహ్నం పరీక్ష. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

చిట్టి సరేనని తలూపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని దొర మెడపట్టీ సర్దుతున్నట్టు వంగింది. అప్పుడే ఆమెకు ఓ ఆలోచన వచ్చింది. కుక్కను పంపినవాళ్లు ఎప్పుడూ బయటే నిలబడతారు. లోపల ఏం జరుగుతోందో తను ఒక్కసారైనా చూసిందా?

మళ్లీ మనిషిని దాచమంది. ఈసారి దొర వెనకే మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లింది. గొట్టం లోపల పడుకున్నది బుడ్డోడు. తలుపులు చూసినప్పుడల్లా వంగాల్సినంత ఎత్తున్నాడు కాబట్టి దళంలో అతనికి ఆ పేరు పెట్టారు. బుడ్డోడు వెల్లకిలా, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. దొర ఆశగా మొహమంతా నాకాడు. బుడ్డోడు ఉలకలేదు. చెవిలో ముక్కు పెట్టాడు. పలకలేదు. దొర చిన్నగా ఓ "భౌ" అన్నాడు. బుడ్డోడు కళ్లు తెరవకుండానే తాడు పట్టుకున్న చెయ్యి చాచాడు, కౌంటరు దగ్గర గుమాస్తా రశీదు ఇచ్చినట్టు.

దొర ఆ తాడును చూశాడు. చిట్టిని చూశాడు. ఇదేనా మీ మర్యాద అన్నట్టు వెనక్కి తిరిగాడు.

బుడ్డోడు ఒక కన్ను తెరిచి, "ఎలా చేశాను మేడం? రెప్ప కూడా కొట్టలేదు!" అన్నాడు గర్వంగా.

"మీరందరూ ఇలాగే పడుకుంటున్నారా?"

"మరి? మాకు మొదటి రోజు నుంచీ నేర్పేది అదే కదా. బాధితుడి వేషం కట్టినవాడు బాధితుడిలాగే ఉండాలి. ఓసారి నన్ను స్ట్రెచర్ మీంచి కింద పడేశారు. అయినా కిక్కురుమనలేదు. సార్ మెచ్చుకున్నారు."

చిట్టి ఆ గొట్టంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కుక్కల బడిలో దాక్కునేవాళ్లంతా కుక్కల మనుషులే. కుక్క తమను పట్టుకుంటే చంటిపిల్లాడు తొలి అడుగు వేసినంత హడావిడి చేస్తారు. అరుస్తారు, పొర్లుతారు, తాడు పట్టుకుని లాగులాడతారు. అది వాళ్లకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఊపిరి తీసుకోమని ఎవరికైనా చెబుతారా? అందుకే అగ్నిమాపకం వాళ్లకు తాడు చేతికిచ్చారే తప్ప, ఆడమని ఎవరూ చెప్పలేదు. రెండు పరీక్షల్లోనూ దాక్కున్నది వీళ్లలాంటివాళ్లే. దొర దృష్టిలో వీళ్లు వేసుకునే మందపాటి కోటు వాసన వచ్చిందంటే అవతల ఉన్నది పరమ నీరసపు మనిషి. అలాంటివాడి కోసం గొంతు చించుకోవడం దండగ.

"నవ్వుతున్నారేంటి మేడం? బాగా చెయ్యలేదా?" అన్నాడు బుడ్డోడు బిక్కమొహం వేసి.

"అద్భుతంగా చేశారు బాబూ. అదే మన కొంప ముంచింది."

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చిట్టి సంగతంతా చెప్పింది. అక్క కూర గరిట పట్టుకునే నవ్వింది. బావ తల్లికి సరిగా అర్థం కాలేదు.

"మొరిగే కుక్క కరవదంటారు. వీడు కరవడూ, మొరగడూ. ఇక కుక్క ఎందుకయ్యాడే?" అంది ఆవిడ.

"మొరుగుతాడు అత్తయ్యా. ఎదుటి మనిషి సరదాగా ఉండాలంతే. సార్... కాదు, బావగారూ, రేపు పొద్దున్న మీ వాళ్లను నాకు కాసేపు ఇవ్వండి. కుక్క తమను పట్టుకుంటే ఎలా గంతులెయ్యాలో నేర్పుతాను."

బావ రొట్టె తుంచుతూ, "నా మనుషులు ప్రాణాలు కాపాడేవాళ్లు. గంతులేసేవాళ్లు కాదు," అన్నాడు.

"ఒక ప్రాణం కాపాడాలంటే ముందు అదెక్కడుందో తెలియాలి కదా. అది చెప్పేవాడు వీడు. వీడి జీతం నవ్వు, ఆట. జీతం ఎగ్గొడితే మీ మనుషులైనా మంటల్లోకి దూకుతారా?"

బావ గ్లాసు అందుకున్నాడు. జవాబు దొరకనప్పుడు ఆయన నీళ్లు తాగుతాడు. గ్లాసెడు తాగాడు.

"అసలు ఎలా చెయ్యాలే? చూపించు," అంది అత్తయ్య. ఎవరూ ఆపేలోగా ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, మంచాల గదిలో బట్టల బీరువా వెనక్కి దూరింది. "వదలవే ఆ దొరని!"

చిట్టి "వెతుకు!" అంది. దొర గదులన్నీ చుట్టేసి బీరువా ముందు ఆగి తల వంచాడు. లోపల్నుంచి "ఓరి నా బంగారు కొండా! వచ్చావురా నా తండ్రీ!" అని గావుకేక. దొర ఒక్కసారి గాల్లోకి లేచి భౌ భౌమంటూ ఇల్లు ఎగరగొట్టాడు. ముసలావిడ పైట కొంగు ఒక కొస, దొర ఒక కొస లాగుతుంటే, బీరువా మీది పెట్టె దభేలున పడింది. పక్కింటావిడ కిటికీలోంచి, "ఏమైందండీ, దొంగలా?" అని అరిచింది. "కాదండీ, మా అత్తగారు!" అని బదులు అరిచింది అక్క.

అత్తయ్య ఆయాసపడుతూ బల్ల దగ్గరికొచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, కళ్లు మెరుస్తున్నాయి. "ఒరేయ్, నువ్వూ ఓసారి దాక్కోరా. ఒళ్లు తేలికవుతుంది."

"అమ్మా, అన్నం తిను." బావ చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే, "చిట్టీ, నా మనుషులకు నీ ఇష్టం వచ్చింది నేర్పుకో. నన్ను మాత్రం ఇందులోకి లాగొద్దు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న మైదానంలో జరిగిన తమాషా అంతా ఇంతా కాదు. హెల్మెట్లు పెట్టుకున్న బలశాలులు వరసగా నిలబడి, చిట్టి చెప్పినట్టు సన్న గొంతుతో "ఎవరొచ్చారూ? మా దొరబాబొచ్చాడా?" అని సాధన చేశారు. మొదట్లో సిగ్గుతో గొంతు పెగల్లేదు. బుడ్డోడికి సన్న గొంతు రానే రాదు. ఎంత పీల్చి వదిలినా ఎద్దు రంకెలా వచ్చింది.

"అదేం గొంతు బాబూ, కుక్క పారిపోతుంది!"

"మా ఆవిడా అదే అంటుంది మేడం. పాపని లాలించొద్దు, భయపడి చస్తుందంటుంది."

అయితే దొరకు ఆ రంకె తెగ నచ్చింది. బుడ్డోడు దుమ్ములో పొర్లి తాడు పట్టుకుని లాగితే, దొర మూతి బిగించి వెనక్కి లాగాడు. ఇక కోటు వాసన తగిలితే చాలు, దొర దూరం నుంచే మొరగడం మొదలుపెట్టాడు. ఇద్దరు "ముందు నేను దాక్కుంటానంటే నేను" అని దెబ్బలాడుకున్నారు కూడా. బావ మాత్రం దూరంగా జీపు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశంలో ఏదో తప్పు వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

మధ్యాహ్నం పరీక్ష మొదలైంది. షామియానా కింద బల్ల, దాని మీద చిన్న తెర. కుక్క మొరిగిన చోటికి రక్షణ దళం పరిగెత్తుకెళ్లి, పొడవాటి కర్ర కొసన కట్టిన కెమెరాను కంతలోకి దూర్చి, లోపలి మనిషి ఎలా ఉన్నాడో తెర మీద చూసుకుని, ఆ తర్వాతే స్లాబు కోస్తారు. దళం వచ్చేదాకా కుక్క చోటు వదలకుండా మొరుగుతూనే ఉండాలి. దాక్కున్నవాళ్లు అప్పటిదాకా నోరు మెదపకూడదు, కాలూ చెయ్యీ ఆడించకూడదు. ఆటంతా ఆ తర్వాతే.

మొదటి మనిషి దగ్గర దొర మొరిగాడు. ఆ తర్వాతి వాళ్ల దగ్గరా మొరిగాడు. చిట్టికి కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆఖరి మనిషి ఒక్కడే మిగిలాడు.

"చివరి బాధితుడు ఈ కుక్క ఇంతవరకు వెతకని మనిషై ఉండాలి," అంది పెద్ద మేడం. "నేనే పంపాను. వదులు."

చిట్టి దళం వరస వైపు చూసింది. అందరూ ఉన్నారు. దొర ఈ వారమంతా వెతికిన ప్రతి ఒక్కరూ ఉన్నారు. జీపు పక్క మాత్రం ఖాళీ.

అంటే లోపల దాక్కున్నది ఇనప్పెట్టె!

దొర బస్సు చుట్టూ తిరిగాడు. పునాదుల దగ్గర ముక్కు పైకెత్తాడు. వంగిన స్లాబు కిందికి తోకాడిస్తూ వెళ్లి, కంతలోకి చూసి, హుషారుగా ఒక్క "భౌ" అన్నాడు. అంతే. రెండోది గొంతులోనే ఆగిపోయింది. ఈయనా అన్నట్టు తోక కిందికి వాలింది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దురా నాయనా," అనుకుంది చిట్టి. నోరు తెరిచి అనకూడదు. దొర ఇంకో కాలు కూడా ఎత్తాడు.

ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. నిలబడే చెవి నిలబడింది. ఎన్నడూ లేవని రెండో చెవి కూడా లేచింది. దొర మెడ ఒక పక్కకు వంచి కంతలోకి చూశాడు, మరో పక్కకు వంచి చూశాడు. మరుక్షణం, ఒంట్లో ఉన్న గాలంతా బయటికి తోసేస్తున్నట్టు మొరగడం మొదలుపెట్టాడు. మొరుగుతూ ఎగిరాడు. ఎగురుతూ మొరిగాడు.

"లోపల ఏం చేస్తున్నాడాయన?" అంది పెద్ద మేడం. "అరుపేం వినపడలేదే!"

దళం పరిగెత్తింది. బుడ్డోడు అవతలి పగుల్లోంచి కెమెరా కర్ర దూర్చాడు. షామియానా కింద అందరూ తెర మీదికి వంగారు. ముందు దుమ్ము, తర్వాత ఇనుప చువ్వ, తర్వాత మొహం.

రెండు కనుగుడ్లూ ముక్కు కొస మీదికి తిరిగిపోయి ఉన్నాయి. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. పెదాల మధ్య నుంచి నాలుక గడ్డం మీదికి వేలాడుతోంది. అన్నిటికీ మించి, హెల్మెట్ కింద చెవులు రెండూ వాటంతటవే ముందుకూ వెనక్కూ ఆడుతున్నాయి. చేతులు మాత్రం ఛాతీ మీద కదలకుండా, పద్ధతిగా ఉన్నాయి.

దూరం నుంచి, ఏమీ తెలియని బుడ్డోడు, "బాధితుడి పరిస్థితి ఏంటి?" అని అరిచాడు.

ఒకతను నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి జారిపోయాడు. ఇంకొకతను హెల్మెట్ మొహం మీదికి లాక్కున్నాడు. పెద్ద మేడం తెర మీంచి కళ్లు తిప్పకుండా, వణుకుతున్న గొంతుతో, "దాక్కున్నవాడు నోరు మెదపకూడదు, కాలూ చెయ్యీ ఆడించకూడదు. మొహం సంగతి నిబంధనల్లో లేదు. పాస్!" అని, షామియానా వెనక్కి వెళ్లిపోయింది. అక్కడ్నుంచి ఆవిడ నవ్వు ఊరంతా వినపడింది.

స్లాబు కోసి బావను బయటికి తీశారు. ఆయన కోటు దులుపుకుని, ఎప్పటి మొహంతోనే, "ఫలితం?" అన్నాడు.

"పాస్ సార్," అన్నారు అందరూ, తమ బూట్ల కేసి చూస్తూ. చిట్టి దొర మెడ కావలించుకుని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆయన మొహం చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నారు. బుడ్డోడు వాళ్లావిడకు చెప్పాడు, ఆవిడ అక్కకు ఫోన్ చేసింది, అక్క అత్తగారికి చెప్పింది. కళ్లు ముక్కు మీద పెట్టుకుని కెమెరాను గమనించని బావ ఒక్కడికే తెర మీద అందరూ చూశారని తెలియదు. అక్క పెదవి కొరుక్కుంటోంది. చిట్టి కంచంలోంచి తలెత్తడం లేదు.

"రేపు ఎప్పుడు బయల్దేరతావు?" అన్నాడు బావ.

"పొద్దున్నే బావగారూ. గాలింపు దళంలో చేరమని కబురొచ్చింది."

"వాడు కూడానా?"

"వాడు లేకుండా నేనెందుకు వాళ్లకి!"

బావ నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు పట్టుకునే ఉన్నాడు. దొర బల్ల కింద ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు. ఆయన కాలు తీయలేదు.

అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "అయితే ఒరేయ్, చెవులు ఆడించడం ఇంకా మర్చిపోలేదన్నమాట! బళ్లో ఎన్ని దెబ్బలు తిన్నావురా దానికి!"

బావ చేతిలో గ్లాసు బల్ల మీదికి మెల్లగా దిగింది. ఆయన తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, మరదల్ని చూశాడు.

"కెమెరా," అంది చిట్టి చిన్నగా.

అక్క ఫక్కుమంది. దాంతో ముగ్గురికీ ఆనకట్ట తెగింది. అత్తయ్య కళ్లొత్తుకుంటూ బల్ల బాదింది. చిట్టికి పొలమారింది. అక్క, "ఒక్కసారండీ, మాకూ చూపించండీ, మీకు పుణ్యముంటుంది," అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

బావ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. బల్ల పక్కకు వచ్చి వంగి, దొర మెడపట్టీకి గొలుసు తగిలించాడు. దొర అడగకుండానే లేచాడు. చిట్టి తన కుక్కను ఇంకొకరి చేతికి ఎప్పుడూ ఇచ్చింది లేదు. ఇప్పుడు మాత్రం కుర్చీ వెనక్కి జరిపి దారిచ్చింది.

ఆయన ఎవరి వంకా చూడలేదు. తలుపు తీశాడు, ముందు దొరను పోనిచ్చి, ఆటతాడు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు.